అద్దెల గుమాస్తా గీసిన స్వీయచిత్రం

(తృతీయ బి.యస్సీ. విద్యార్థి)

డిగ్రీ ఆఖరి సంవత్సరంలోకి వచ్చిన ప్రతి విద్యార్థినీ ఇంటా బయటా ఒకే ప్రశ్న వెంటాడుతూ ఉంటుంది. "తరవాత ఏం చేద్దామనుకుంటున్నావు?" ఈ ప్రశ్నకు ఏదో ఒక ఉద్యోగం పేరు చెబితేనే అడిగినవారికి తృప్తి. అందులో తప్పేమీ లేదు. అప్పు చేసి చదివించే తల్లిదండ్రులకు ఆ మాత్రం అడిగే హక్కు ఉంది. అయితే మన హాస్టలులో బొమ్మలు వేసేవాళ్ళున్నారు, కథలు రాసేవాళ్ళున్నారు, రాత్రి భోజనాలయ్యాక వరండాలో కూర్చుని తబలా సాధన చేసేవాళ్ళున్నారు. వీళ్ళలో చాలామంది నోట నేను ఒక మాట విన్నాను. "ఇదంతా కాలేజీలో ఉన్నన్నాళ్ళేరా. రేపు ఉద్యోగంలో పడ్డాక తీరుబడి ఎవడికుంటుంది?" అని.

ఈ మాట ఎంతవరకు నిజం? ఉద్యోగం కళను చంపుతుందా? లేక కళను మనమే చంపుకొని ఆ నేరం ఉద్యోగం మీద వేస్తున్నామా? ఈ విషయం గురించి ఆలోచించడానికి ఒక బొమ్మ నాకు బాగా ఉపయోగపడింది. నేను రసాయనశాస్త్రం చదివేవాణ్ణి, వ్యవసాయదారుల కుటుంబంలో పుట్టినవాణ్ణి. చిత్రకళలో నాకు ఏ శిక్షణా లేదు. అసలు బొమ్మను కళ్ళారా చూసే భాగ్యమూ కలగలేదు, అచ్చులో చూసిందే. అయినా చూసిందాన్ని, చదివిందాన్ని తోటి విద్యార్థులకు చెప్పుకోవాలనిపించి ఈ వ్యాసానికి పూనుకున్నాను.

బొమ్మలో ఏముంది?

ఒక ఇటుకల గోడ. దాని మీద ఒక మనిషి వెల్లకిలా పడుకొని ఉన్నాడు. ఒంటి మీద ఆఫీసుకు వేసుకొనిపోయే నల్లని దుస్తులు. తలమీది టోపీ తీసి పొట్టమీద పెట్టుకున్నాడు. నోట్లో సిగరెట్టు ఆకాశంకేసి నిటారుగా నిలబడి ఉంది. వెనక ఎక్కడో ఫ్యాక్టరీ పొగగొట్టం కూడా అచ్చం అలాగే నిలబడి ఉంది. చూడగానే నవ్వు వస్తుంది. ఆఫీసు వదిలాక ఇంటికి పోయే ఓపిక లేక దారిలో కనబడ్డ గోడ మీద నడుం వాల్చాడా అనిపిస్తుంది. ఆ గోడకు ఒక గొడుగు, ఒక ఆఫీసు బ్యాగు ఆనించి ఉన్నాయి. బ్యాగు మీద మూడు ఇంగ్లీషు అక్షరాలున్నాయి: ఎల్. ఎస్. ఎల్.

ఈ బొమ్మ పేరు "గోడ మీద పడుకున్న మనిషి". పెద్ద చిత్రమేమీ కాదు, రెండడుగుల వెడల్పు కూడా ఉండదు. వేసిన సంవత్సరం 1957. వేసినవాడు లారెన్స్ స్టీఫెన్ లౌరీ అనే ఇంగ్లీషు చిత్రకారుడు. బస్సులో పోతూ హాస్లింగ్డెన్ అనే ఊరి దగ్గర ఇలా గోడమీద పడుకున్న మనిషిని నిజంగానే చూశానని ఆయన చెప్పేవాడు. కాని బ్యాగు మీది మూడక్షరాలు మాత్రం ఆ దారినపోయేవాడివి కావు, లౌరీ పేరులోవే. అందుకే దీన్ని చాలామంది ఆయన స్వీయచిత్రంగానే లెక్కిస్తారు. అప్పటికి ఆయన డెబ్భై ఏళ్ళ వాకిట ఉన్నాడు.

స్వీయచిత్రమంటే అద్దం ముందు కూర్చుని తన ముఖాన్ని తానే వేసుకోవడం అని మనం అనుకుంటాము. ఇందులో ముఖం కంటే బ్యాగే ముఖ్యమైనది. ఎందుకో తెలియాలంటే ఆయన జీవితం కొంత తెలియాలి.

ఎవరీ లౌరీ?

లౌరీ 1887 నవంబరు 1న మాంచెస్టరు పక్కనున్న స్ట్రెట్‌ఫర్డ్‌లో పుట్టాడు. తండ్రి ఒక ఆఫీసులో గుమాస్తా. తల్లి ఎలిజబెత్ పియానో బాగా వాయించేది. బ్రతుకు మీద ఆమెకు పెద్ద ఆశలుండేవి. కొన్నాళ్ళు చెట్లు చేమలు ఉన్న మంచి పేటలో కాపురం చేశారు. డబ్బు ఇబ్బందుల వల్ల 1909లో పెండిల్‌బరీ అనే మిల్లుల ఊరికి మకాం మార్చవలసి వచ్చింది. అక్కడ ఎటు చూసినా పొగగొట్టాలు, ఇటుకల ఇళ్ళ వరసలు, మసి. తల్లికి ఆ ఊరు ఎన్నడూ నచ్చలేదు. కొడుక్కూ మొదట నచ్చలేదు.

మాంచెస్టరు అంటే మన తెలుగువాళ్ళకు కొత్త పేరు కాదు. మన చేనేత మగ్గాలను దెబ్బతీసిన మిల్లుగుడ్డ పేరు అదే. పత్తి పండించే నల్లరేగడి భూముల్లో పుట్టినవాణ్ణి కాబట్టి పత్తి అవతలి ఒడ్డున ఏమయ్యేదో చూసే కిటికీలాగా లౌరీ బొమ్మలు నాకు కనబడ్డాయి. 1931లో గాంధీజీ లాంకషైర్ వెళ్ళి మిల్లు కార్మికులను కలుసుకున్న సంగతి మనం చరిత్రలో చదువుకున్నాము. సరిగ్గా ఆ కాలంలోనే లౌరీ ఆ కార్మికులను చిత్రిస్తున్నాడు. 1930లో వేసిన "మిల్లు నుంచి వస్తూ" అనే బొమ్మలో ఉన్నది వాళ్ళే. వంగిన వీపులు, పెద్ద బూట్లు, పుల్లల్లాంటి కాళ్ళు. గుంపులో ఎవరికి వారే ఒంటరి.

లౌరీ చదువు అయిపోగానే 1904లో లెక్కల గుమాస్తాగా పనిలో చేరాడు. తరవాత ఒక బీమా కంపెనీలో కొన్నాళ్ళు చేశాడు. అక్కడ ఉద్యోగం పోయింది. 1910లో పాల్ మాల్ ప్రాపర్టీ కంపెనీలో అద్దెలు వసూలు చేసే గుమాస్తాగా కుదిరాడు. ఇల్లిల్లూ తిరిగి అద్దె పుచ్చుకొని, పుస్తకంలో జమ రాసి, ఆఫీసులో అప్పజెప్పే పని. ఆ కంపెనీలోనే మెల్లగా పైకి వచ్చి ప్రధాన క్యాషియరు అయ్యి, 1952లో పింఛను పుచ్చుకొని బయటికి వచ్చాడు. అంటే ఒకే కంపెనీలో 42 సంవత్సరాలు! ప్రపంచానికి తెలిసిన ఆయన గొప్ప చిత్రాల్లో ఎక్కువ భాగం ఈ 42 ఏళ్ళలోనే వచ్చాయి.

సాయంకాలపు చదువు

"ఆయన పుట్టు కళాకారుడు కాబోలు, మనలాంటివాళ్ళకు ఎలా సాధ్యం?" అని మిత్రులు అడగవచ్చు. ఇక్కడే నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగింది. లౌరీ 1905 నుంచి మాంచెస్టరు మునిసిపల్ కళాశాలలో సాయంకాలపు తరగతులకు వెళ్ళాడు. అక్కడ అడాల్ఫ్ వలెట్ అనే ఫ్రెంచి చిత్రకారుడు గురువు. పారిస్‌లో చిత్రకళ ఎటు పోతున్నదో ఆ ఊరివాళ్ళకు తెచ్చి చెప్పినవాడు వలెట్. పొగమంచు కమ్మిన మాంచెస్టరు వీధులను ఆయనే స్వయంగా చిత్రించాడు. ఆ తరవాత లౌరీ సాల్ఫర్డ్‌లోని సాంకేతిక కళాశాలలో చేరి 1925 దాకా నేర్చుకుంటూనే ఉన్నాడు. లెక్క వేయండి. పగలు ఉద్యోగం, సాయంత్రం క్లాసు. ఇలా ఇరవై ఏళ్ళు! మనం మూడేళ్ళ డిగ్రీకే అలిసిపోతున్నాము. తననెవరైనా గురువు లేని చిత్రకారుడంటే లౌరీకి కోపం వచ్చేదంటే రాదా మరి?

ఇక వస్తువు సంగతి. ఏం వేయాలో ఆయనకు ఒకరోజున తట్టింది. పెండిల్‌బరీ స్టేషనులో రైలు తప్పిపోయి మెట్ల మీద నుంచి చూస్తుంటే ఎదురుగా ఆక్మే నూలుమిల్లు వదిలారు. సాయంకాలపు ఆకాశం కింద వెలిగే కిటికీలు, వందల కొద్దీ జనం బిలబిల బయటికి రావడం. రోజూ చూస్తున్న దృశ్యమే. ఆ రోజున మాత్రం అది బొమ్మగా కనబడింది. అప్పటిదాకా అసహ్యించుకున్న ఊరే అటుపైన ఆయన జన్మకు సరిపడా పని ఇచ్చింది.

ఆ పనికి అద్దెల వసూలు ఎంత ఉపయోగపడిందో చూడండి. చిత్రకారుడు స్టూడియోలో కూర్చుంటే వీధులు తన దగ్గరికి రావు. ఈయన మాత్రం జీతం పుచ్చుకొని మరీ వీధివీధీ తిరిగాడు. ఏ గుమ్మంలో ఎవరు నిలబడతారు, గొడవ జరిగితే జనం ఎలా మూగుతారు, జబ్బు మనిషిని ఇంట్లోంచి ఎలా తీసుకుపోతారు, ఇవన్నీ అద్దెల పుస్తకం చంకన పెట్టుకొని చూశాడు. జేబులో ఏ కాగితం ముక్క ఉంటే దాని మీద, పాత కవరు వెనకాల, గబగబా గీసుకొనేవాడు. అసలు బొమ్మ రాత్రి ఇంటి దగ్గర. ఉద్యోగం ఆయన కాలాన్ని తీసుకున్న మాట నిజమే. దానికి బదులుగా కళ్ళకు మేత ఇచ్చింది.

ఐదు రంగులు, ఒక ప్రయోగం

ఇప్పుడు నా సబ్జెక్టులోకి వస్తాను. లౌరీ వాడినవి ముఖ్యంగా ఐదే ఐదు రంగులు. ఎముకలను గాలి తగలకుండా కాల్చి చేసే నలుపు, ఇంగిలీకపు ఎరుపు, అనగా పాదరసపు సల్ఫైడు, ప్రష్యన్ నీలం, పసుపుపచ్చని ఇనుపమట్టి, ఇక ఫ్లేక్ వైట్ అనే సీసపు తెలుపు. ఇందులో ప్రష్యన్ నీలం మనకు పాత మిత్రుడే. ప్రాక్టికల్స్‌లో నత్రజని ఉందో లేదో చూడడానికి సోడియం సారం తీసి ఫెర్రస్ సల్ఫేటు వేసి ఆమ్లం కలిపినప్పుడు గొట్టంలో కనబడే నీలం ఇదే. మనకు మార్కులు తెచ్చే ఆ రంగు ఆయనకు ఆకాశాన్ని తెచ్చింది.

1921లో మరిద్దరితో కలిసి లౌరీ పెట్టిన ప్రదర్శనను మెచ్చుకుంటూ మాంచెస్టరు గార్డియన్ పత్రికలో రాసినవాడు బెర్నార్డ్ టేలర్. ఈయనే మరోసారి, "నీ బొమ్మలు మరీ చీకటిగా ఉన్నాయి, వెనకభాగం తెల్లగా ఉంటేగాని మనుషులు కనబడరు" అన్న అర్థం వచ్చేట్టు విమర్శించాడు. లౌరీకి ముందు కోపం వచ్చింది. తరవాత ఆలోచించి తెల్లని నేల మీద వేయడం మొదలుపెట్టాడు. అయితే ఒక సందేహం పట్టుకుంది. ఈ తెలుపు ఇలాగే ఉంటుందా? కొన్నేళ్ళు పోతే ఏమవుతుంది?

దానికి ఆయన ఏం చేశాడో వింటే సైన్సు విద్యార్థి ఎవడైనా లేచి నమస్కారం పెట్టాలి. ఒక చిన్న చెక్కపలక తీసుకొని దానికి ఆరుసార్లు సీసపు తెలుపు పూశాడు. ఆరనిచ్చి, గాలి చొరకుండా మూసిపెట్టి ఆరేడేళ్ళు దాని జోలికి పోలేదు. ఆ తరవాత ఇంకొక పలకకు అదే విధంగా తెల్లరంగు పూసి, పాతదాన్ని బయటికి తీసి రెంటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. కొత్తది సున్నం కొట్టినట్లు తెల్లగా ఉంది. పాతది మీగడ రంగు కలిసిన బూడిద తెలుపుకు తిరిగింది. తనకు కావలసింది ఆ రంగేనని అప్పుడు నిశ్చయించుకున్నాడు. అంటే తన బొమ్మలు వేసినరోజు ఎలా ఉంటాయన్నదొక్కటే కాక, తాను పోయిన తరవాత ఎలా ఉంటాయో కూడా లెక్కలో వేసుకొని రంగు పూసినవాడన్నమాట.

ఈ మార్పు ఎందుకు వస్తుంది? సీసపు తెలుపు అంటే లెడ్ కార్బొనేటు, లెడ్ హైడ్రాక్సైడు కలిసిన పదార్థం. పాతకాలంలో సీసపు రేకులను పులిసిన ద్రాక్ష ద్రవం ఆవిరికి పెట్టి, చుట్టూ పేడ పేర్చి, ఆ వేడితో తయారుచేసేవారు. దీన్ని అవిసె గింజల నూనెలో నూరితే చిత్రకారుడు వాడే రంగవుతుంది. ఈ నూనె ఆరడమంటే తడిగుడ్డ ఆరినట్లు కాదు. నీళ్ళు ఆవిరై పోతాయి, నూనె ఎక్కడికీ పోదు. అది గాలిలోని ఆమ్లజనిని పీల్చుకొని, అణువులు ఒకదానితో ఒకటి గొలుసులు కట్టుకొని గట్టిపడుతుంది. ఆరుతున్నకొద్దీ నూనె బరువు పెరుగుతుంది కూడా. అలా గట్టిపడ్డ నూనె ఏళ్ళు గడిచేకొద్దీ పచ్చబారుతుంది. వెలుతురు తగలని చోట ఇంకా ఎక్కువ పచ్చబారుతుంది. నూనెలోని ఆమ్లాలతో సీసం కలిసి సబ్బులాంటి పదార్థాలు ఏర్పడి రంగు పొర మెల్లగా పారదర్శకం కూడా అవుతుంది. లౌరీకి ఈ రసాయనశాస్త్రం తెలుసునో లేదో గాని పద్ధతి మాత్రం తెలుసు. ఒక మార్పు కొలవాలంటే పోల్చడానికి మారనిది ఒకటి పక్కన ఉండాలి. మన ప్రయోగశాలల్లో చెప్పే పాఠం ఇదే కదా!

ఈ ప్రయోగాన్ని ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, తీరుబడి వేళ సరదాకు బొమ్మలు వేసుకొనే మనిషి ఒక్క తెలుపు కోసం ఆరేడేళ్ళు ఆగడు. ఉద్యోగం పగలు చేశాడన్నంత మాత్రాన రాత్రి చేసిన పని సగం పని కాదు.

ముందరి రెండు ముఖాలు

గోడమీది మనిషి కంటే ముందు లౌరీ తనను తాను వేరే విధంగా చిత్రించుకున్నాడు. 1925 నాటి స్వీయచిత్రంలో టోపీ, కోటు వేసుకొని కుదురుగా, కాస్త బింకంగా చూస్తుంటాడు. అప్పటికి 37, 38 ఏళ్ళు. ఇంకా ఎవరూ పెద్దగా గుర్తించలేదు.

తరవాతది 1938 నాటిది. పేరు "ఒక మనిషి తల". ఎర్రగా వాచిన కళ్ళు, గడ్డం మాసిన ముఖం, గుడ్లప్పగించి మనకేసి సూటిగా చూపు. ఈ బొమ్మ చూసినవాళ్ళు అంత తేలిగ్గా మరిచిపోలేరు. 1932లో తండ్రి పోయాడు, పోతూ అప్పులు మిగిల్చాడు. తల్లి మంచం పట్టింది. ఆమెకు కొడుకు తప్ప మరొకరి సేవ పనికిరాదు. పగలు ఆఫీసు, సాయంత్రం తల్లి సేవ. ఆమె నిద్రపోయాక రాత్రి పది గంటలకు కుంచె పట్టుకొని రెండింటిదాకా వేసేవాడు. పొద్దున్నే మళ్ళీ ఆఫీసు. ఇలా ఏడేళ్ళు. ఆ ఎర్రటి కళ్ళు ఎక్కడివో ఇప్పుడు అర్థమవుతుంది.

కళ కోసం శ్రమ అనేది వినడానికి బాగుంటుంది. దాని ఖరీదు ఆ బొమ్మలో ఉంది. అందుకే "ఉద్యోగం చేస్తూ కళ సాధించడం సులభమే" అని నేను చెప్పను. సులభమని లౌరీ ముఖమే చెప్పడం లేదు.

అదే 1938లో లండనులో పటాలు కట్టే ఒక దుకాణంలో ఆయన బొమ్మలు ఒక చిత్రాల వ్యాపారి కంటబడ్డాయి. 1939లో లండనులో తొలి సొంత ప్రదర్శన జరిగింది. లౌరీకి అప్పటికి 51 ఏళ్ళు. టేట్ గ్యాలరీ వారు ఒక బొమ్మ కొన్నారు. ఆ అక్టోబరులోనే తల్లి చనిపోయింది. ఎవరు మెచ్చుకోవాలని జీవితమంతా ఎదురుచూశాడో ఆమె ఆ పేరుప్రతిష్ఠలు చూడనేలేదు. అటుపైన ప్రభుత్వం ఇవ్వజూపిన గౌరవాలను ఆయన ఐదుసార్లు వద్దన్నాడు. 1968లో ఇస్తానన్న "సర్" బిరుదు అందులో ఒకటి. అమ్మ పోయాక వీటికి అర్థమేముంది అన్న ధోరణిలో మాట్లాడేవాడట.

దాచిన ఉద్యోగం

ఇప్పుడు అసలు విషయం. లౌరీ అద్దెల కంపెనీలో పనిచేసేవాడని తోటి ఉద్యోగులకూ కొద్దిమంది ఆప్తులకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆయన చెప్పలేదు. పత్రికల వాళ్ళు అడిగినా చెప్పలేదు. 1976 ఫిబ్రవరి 23న తన 88వ ఏట చనిపోయిన తరవాతనే లోకానికి ఈ సంగతి తెలిసింది.

ఎందుకు దాచాడు? దొంగపని చేశాడా? అద్దె వసూలు చేయడం తప్పు పనా? ఆయన భయం వేరు. పగలు ఉద్యోగం చేస్తాడంటే "ఆదివారపు చిత్రకారుడు" అని తీసిపారేస్తారు. ఇంగ్లండులో ఆ మాటకు సరదా కోసం వేసుకొనేవాడు అని అర్థం. వారంలో ఏడు రాత్రులూ వేసేవాడికి ఆ పేరు ఎంత బాధ! లోకం తీరు చూడండి. మనిషి కళ మీదనే బతికితే "పనీపాటా లేనివాడు" అంటుంది. పని చేసుకుంటూ కళ సాధిస్తే "సరదారాయుడు" అంటుంది. రెండు పక్కలా వాయించే మద్దెల ఇది.

ఈ సంగతి తెలిసి మళ్ళీ 1957 నాటి బొమ్మ దగ్గరికి పోతే నాకు కనబడింది ఇది. ఉద్యోగం విరమించి ఐదేళ్ళయింది. లోకానికి ఆయన ఇప్పుడు రాయల్ అకాడెమీ గుర్తించిన చిత్రకారుడు. ఆఫీసుకు పోయే నల్ల దుస్తులు, గొడుగు, బ్యాగు ఇక అక్కరలేదు. అయినా అవన్నీ తెచ్చి బొమ్మలో పెట్టాడు. కుంచె పెట్టలేదు, రంగుల పలక పెట్టలేదు. ఆఫీసు బ్యాగు పెట్టి దాని మీద తన పేరు రాశాడు. నోటితో ఎవరికీ చెప్పని సంగతిని అందరూ చూసే చోట మూడక్షరాల్లో రాసిపెట్టాడు. పండితులు వేరే విధంగా చెప్పవచ్చు. నా మటుకు నాకు 42 ఏళ్ళు తనను మోసిన ఆ గుమాస్తాకు చిత్రకారుడు తీర్చుకున్న ఋణంలా కనబడుతుంది. "పడుకోవోయ్, నీ పని అయింది" అని ఆయన్ని గోడమీద పడుకోబెట్టినట్లు ఉంది.

1960లలో సముద్రం మధ్య ఒంటరిగా నిలబడ్డ స్తంభంగా కూడా ఆయన తనను చిత్రించుకున్నాడు. అక్కడ మనిషి రూపమే లేదు. ఆయన పెళ్ళి చేసుకోలేదు. ముసలితనంలో ఇంగ్లండు ఈశాన్య తీరానికి పోయి గంటల తరబడి సముద్రాన్ని చూస్తూ కూర్చునేవాడు. ఆ స్తంభంలో ఒంటరితనం ఉంది. గోడమీది మనిషిలో మాత్రం ఒంటరితనంతో పాటు ఒక నవ్వు కూడా ఉంది. అందుకే నాకు అదే ఎక్కువ ఇష్టం.

మన దగ్గర

ఇలాంటివారు ఇంగ్లండులోనే ఉంటారనుకోనక్కరలేదు. సి. వి. రామన్ గారి సంగతి సైన్సు విద్యార్థులమైన మనకు తెలిసిందే. చిన్నతనం విశాఖపట్నంలో గడిచింది. వారి తండ్రిగారు అక్కడ ఎ.వి.ఎన్. కాలేజీలో ఉపన్యాసకులు. 1907లో రామన్ గారు కలకత్తాలో ప్రభుత్వ ఆర్థిక శాఖలో అకౌంట్ల ఆఫీసరుగా చేరారు. ఆఫీసుకు ముందు, ఆఫీసు తరవాత అక్కడి సైన్స్ అసోసియేషన్ ప్రయోగశాలలో పరిశోధన చేసేవారు. మధ్యలో రంగూనుకూ నాగపూరుకూ బదిలీలు. పదేళ్ళు అలా గడిపి, 1917లో తక్కువ జీతానికి ఒప్పుకొని ఆచార్య పదవిలోకి వచ్చారు. 1930లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే 1930లో మాంచెస్టరు నగర గ్యాలరీ లౌరీ బొమ్మ "ఒక ప్రమాదం" కొన్నది. రామన్ గారు ఉద్యోగం వదిలారు, లౌరీ వదలలేదు. ఏది మంచిదని తీర్పు చెప్పడానికి నేనెవర్ని? ఇద్దరూ మొదటి పదేళ్ళు ఒకే పని చేశారు. ఆఫీసు వేళ ఆఫీసుకిచ్చి, మిగిలిన వేళను వృథా కానివ్వలేదు.

ఇక మా ఇంటి సంగతి ఒక్కటి చెప్పనివ్వండి. మా నాయన పత్తిరైతు. పౌరాణిక నాటకాల్లో పద్యం పాడతాడు. పత్తితీత అయిపోయి తిరునాళ్ళ రోజులు వస్తే మా ఊళ్ళో రిహార్సలు మొదలవుతుంది. పగలంతా పొలంలో ఉండి, చీకటిపడ్డాక స్నానం చేసి, హార్మోనియం దగ్గర కూర్చుంటే కోడికూసేదాకా రాగం నిలబడే ఉంటుంది. ఆయన పేరు ఏ పత్రికలోనూ రాలేదు, రాదు కూడా. "నాటకం మనకు కూడు పెడుతుందా నాయనా?" అని నేను చిన్నప్పుడు అడిగితే, "పెట్టదురా. కాని అది లేకపోతే తిన్న కూడు ఒంటబట్టదు" అన్నాడు. లౌరీ గురించి చదివిన తరవాతగాని ఈ మాట లోతు నాకు అందలేదు.

లెక్క ఒకటి చూద్దాం. రోజుకు మూడు గంటలు మనవి అనుకుంటే సంవత్సరానికి 1095 గంటలు. నలభై ఏళ్ళ ఉద్యోగంలో 43,800 గంటలు. వీటిలో సగం సంసారానికీ, జబ్బులకూ, బంధువులకూ పోయినా మిగిలేది చిన్న మొత్తమేమీ కాదు. ఉద్యోగంలో పడితే తీరుబడి ఉండదన్నవారు ఈ అంకెను ఒకసారి తీరిగ్గా చూడాలి.

ఒక మనవి

2022లో లౌరీ వేసిన "మ్యాచికి పోతూ" అనే 1953 నాటి చిత్రాన్ని సాల్ఫర్డ్‌లో ఆయన పేరు మీదనే ఉన్న కళాకేంద్రం వారు వేలంలో 78 లక్షల పౌండ్లకు కొన్నారు. ఇంత ధర పలికింది కాబట్టి ఆయన గొప్పవాడని నేను అనడం లేదు. ఆ ధరలో ఆయనకు దక్కింది ఏమీ లేదు. ఆయనకు దక్కింది ఆ రాత్రులే.

నాకు అంతకంటే ముఖ్యంగా కనబడేది ఆ సాయంకాలపు తరగతి. పగలంతా పని చేసి వచ్చిన గుమాస్తా కోసం మాంచెస్టరులో ఒక గది, ఒక దీపం, వలెట్ లాంటి ఒక గురువు సిద్ధంగా ఉన్నారు. అవి లేకపోతే లౌరీ లేడు. కాబట్టి మన విద్యార్థి సంఘం వారికీ, అధ్యాపకులకూ నా మనవి ఒక్కటే. రోజూ సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా కాలేజీలో ఒక గది తెరిచి ఉంచండి. బొమ్మలు వేసేవాడు వేస్తాడు, పాడేవాడు పాడతాడు, రాసేవాడు రాస్తాడు. ఊళ్ళో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పూర్వ విద్యార్థులకు కూడా ఆ తలుపు తెరిచే ఉండాలి. పోటీలు, బహుమతులు అక్కరలేదు. దీపం ఉంటే చాలు.

ఇక మిత్రులారా, రేపు మనమూ ఏదో ఒక బ్యాగు పుచ్చుకొని ఆఫీసులకు పోతాము. పోదాం. జీతం తెచ్చి ఇంట్లో ఇద్దాం, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేద్దాం, అప్పులు తీరుద్దాం. ఆ బ్యాగును చూసి సిగ్గుపడనక్కరలేదు, దాన్ని సాకుగా చూపనూ వద్దు. అందులో టిఫిను డబ్బా పక్కన ఒక పెన్సిలుకూ నాలుగు తెల్ల కాగితాలకూ చోటు ఎప్పుడూ ఉంటుంది.